బోర్లించిన చెంబు

"బతికున్న మనిషి తిరిగే ఇంట్లో చెంబు బోర్లిస్తారా వదినా ఎవరైనా? చూసి నా గుండె ఆగినంత పనయింది."

"ఆగితే కాసేపు కూర్చోవాల్సింది. చెంబెందుకు ముట్టుకున్నావు?"

"ముట్టుకోక, చూస్తూ ఊరుకోమంటావా? తిరగేసి, మంచినీళ్ళు పోసి పెట్టాను. నిండు చెంబు ఎదురుగా ఉంటే ఇంటికి మంచిదని మా పిఠాపురంలో..."

"మీ పిఠాపురం సంగతి పిఠాపురంలో అట్టేపెట్టు. ఆ పిడి ఎందుకు తిప్పావు?"

"తిప్పకపోతే ఫోనెలా మోగుద్ది? కాఫీ పొడి ఎక్కడుందో తెలీక నిన్నడుగుదామని తిప్పాను. ఓ పిడి తిప్పినందుకు ఇంత రాద్ధాంతమేంటి వదినా? అసలు ఆ డొక్కు పెట్టెలు ఇంకా ఎందుకుంచారు? తూకానికి అమ్మేస్తే ఓ మూల ఖాళీ అవుతుంది."

"అలాగే. మీ అన్నయ్యని కూడా తూకంలో వేసెయ్."

నేను అలాంటి మాటలు అనే మనిషిని కాదు. కోపం వస్తే మాట తగ్గిస్తాను తప్ప పెంచను. మా ఆడపడుచు నా మొహం వంక చూసి, చేతిలో కాఫీ గ్లాసు కిటికీలో పెట్టింది. లోపలి గదిలో బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినబడింది. మా ఆయన తెల్లచొక్కా వెతుక్కుంటున్నారు. ఎందుకు వెతుక్కుంటున్నారో అప్పటికే నాకు తెలుసు.

ఆడపడుచుది తప్పని ఇప్పుడు కూడా నేననను. అన్నయ్యకి మనసు బాగుండటం లేదని తెలిసి, పిఠాపురం నుంచి రైలెక్కి, సంచీలో ఆయనకిష్టమైన కాజాలు పెట్టుకుని వచ్చిన మనిషి ఆమె. ఆ చెంబు కథ ఆమెకి తెలియదు. ఆమె పెళ్ళయి వెళ్ళిన చాలా ఏళ్ళకి పుట్టిన కథ అది.

మాది కడియం పక్కన నర్సరీ. రోడ్డు పక్కన షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో మొక్కల మడులు. మొక్కలు కొనే పై రాష్ట్రాల పార్టీలు కంప్యూటర్ల మీద ఆర్డర్లు పంపడం మొదలుపెట్టిన రోజుల్లో, రాజమండ్రిలో ఎవరో ఆఫీసు ఎత్తేస్తుంటే మా ఆయన రెండు పాత కంప్యూటర్లు తెచ్చారు. ఒకటి ఇంట్లో హాల్లో, ఒకటి షెడ్డులో. ఒక్కోదానికీ ఒక మోడెమ్. అది ఫోను తీగని కంప్యూటరుకి కలిపే చిన్న పెట్టె. లైను దొరికితే ఈల వేసి, గరగరమని, తర్వాత నోరు మూసుకుంటుంది. నోరు మూసుకుందంటే అవతలి వాళ్ళు కలిశారని అర్థం. ఇవతల కొట్టిన అక్షరం అవతల తెర మీద పడుతుంది.

కంప్యూటర్లు రెండు, ఫోను లైను మాత్రం ఒకటే. రెండోది పెట్టిద్దామని ఆయన అడిగారు. అక్కర్లేదన్నాను. ఇంట్లో ఇంతమంది ఒక్క నూతి నీళ్ళు తాగటం లేదా, వంతులేసుకుంటే సరిపోతుందన్నాను. దాంతో ఆయన హాల్లో గోడకి చెక్కపెట్టె ఒకటి బిగించి, దానికి ఒక పిడి పెట్టించారు. పిడి ఒకవైపు తిప్పితే లైను ఫోనుకి, ఇంకోవైపు తిప్పితే కంప్యూటర్లకి.

అక్కడి నుంచి మొదలైంది గొడవ. కంప్యూటరు మీద ఆర్డరు సగం వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరు చుట్టాలకి ఫోను చేద్దామని పిడి తిప్పేసేవారు. మందార మొక్కలు కావాలని వచ్చేది, ఎన్ని కావాలో రాకుండా తెగేది. ఆయన కేకలు, వీళ్ళ సంజాయిషీలు. కాగితం మీద రాసి అంటించారు, ఎవరూ చదవలేదు. ఎర్రగుడ్డ కట్టారు, పని మనిషి మాసిన గుడ్డనుకుని ఉతికేసింది. అప్పుడు నేను దేవుడి గూట్లో వాడకుండా పడి ఉన్న ఇత్తడి చెంబు తెచ్చి పెట్టె మీద బోర్లించాను. చెంబు బోర్లించి ఉంటే లైను వాడకంలో ఉన్నట్టు. నిలబెట్టి ఉంటే ఖాళీ.

మా అత్తగారు ఉండేవారప్పుడు. అశుభం అన్నారు. అందుకేనండి పెట్టింది, అశుభమనుకుంటేనే ఎవరూ ముట్టుకోరు అన్నాను. ఆవిడ నవ్వలేదు కానీ ఊరుకున్నారు. ఆ రోజు నుంచి ఒక్క ఆర్డరు తెగలేదు. ముట్టుకోడానికి జంకేవాళ్ళనే నేను లెక్కేసుకున్నాను. చూసి, అయ్యో అని సరిచేసి పెట్టే మనిషి ఒకరు వస్తారని అనుకోలేదు.

ఆయన గురించి రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, నోటిమాట ఆర్డరుని ఆయన నమ్మేవారు కాదు. ఎవరో ఒక పార్టీ నోటితో లోడు చెప్పి, లారీ వెళ్ళాక నేనలా అనలేదన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకే మాట: "లైను మీద వచ్చిందే మాట. మిగతాది గాలి." రెండోది, మా గేటు దాటి వెళ్ళే మనిషిని ఆయన వట్టి చేతుల్తో పంపరు. ఒక మొక్క చేతిలో పెట్టి పంపుతారు. లారీ డ్రైవరైనా, కరెంటు బిల్లు తీసేవాడైనా సరే. మొగ్గ తొడిగిన మంచి మొక్క ఇచ్చేస్తుంటే నా ప్రాణం ఒప్పేది కాదు. మెట్టు పక్కన ఒక వరసలో గిడసబారిన మొక్కలు వేరుగా పెట్టించాను. ఇచ్చేవి అందులోంచి ఇమ్మన్నాను. బతికించుకునే వాళ్ళు బతికించుకుంటారు. ఆయన నేను చూస్తుంటే అందులోంచి ఇచ్చేవారు, చూడకపోతే మంచివి ఇచ్చేవారు.

మొబైళ్ళు వచ్చాయి, ఆర్డర్లు అందులోకి వెళ్ళిపోయాయి. కంప్యూటర్లు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. పనిచేసేదాన్ని పారెయ్యడం నాకు చేతకాదు. పాత చీర ముక్క కప్పి ఉంచాను. ఆయన అప్పుడప్పుడు తీసి తుడిచి, వేసి చూసి, మళ్ళీ కప్పేవారు.

తర్వాత ఆయనకి మరుపు వచ్చింది.

మొదట్లో అన్నం తిన్న సంగతి మర్చిపోయేవారు. ఆ తర్వాత రాజమండ్రిలో బ్యాంకులో పనిచేసే మా అమ్మాయిని చూసి, ఈ బ్యాంకు మేడం మన ఇంటికెందుకొచ్చారని అడిగారు. మొక్కల పేర్లు మాత్రం ఒక్కటి మర్చిపోలేదు. చిన్న ఆకు చూపించినా చెప్పేవారు. అది చూసి, నేను మొక్కల కన్నా దగ్గరదాన్ని కదా, నా దాకా రాదనుకున్నాను. వచ్చింది. ఒకరోజు అన్నం కలుపుకుంటూ తలెత్తి, "అమ్మగారూ, మీది ఏ ఊరండి?" అన్నారు. నా జీవితంలో ఆయన నన్ను అండీ అనడం అదే మొదలు.

నేను గిన్నె కింద పెట్టి, మీ ఇల్లేనండి, నేను మీ భార్యనండి అన్నాను. ఆయన చెయ్యి తీసేసి లేచి నిలబడ్డారు. భయపడ్డారు.

"అలా అనకూడదండి. తప్పు. మా ఆవిడ తుని వెళ్ళింది, వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగోలేక. వచ్చి ఈ మాట వింటే బాధపడుద్ది."

మా అమ్మ పోయి ఎంతకాలమైందో. అప్పుడు నేను పడుచుదాన్ని. తుని వెళ్ళి, అమ్మ కార్యాలన్నీ అయ్యేదాకా ఉండిపోయాను. ఈయన ఆ రోజుల్లోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆ పూట అన్నం తినలేదు. డాక్టరుగారు ఆయన మాటకి ఎదురు చెప్పొద్దన్నారు. ఎదురు చెప్పకుండా ఉండటం నాకు అలవాటు లేని పని. నేర్చుకున్నాను. నా ఇంట్లో నేను అన్నం పెట్టే మనిషినయ్యాను.

కూలీల ముందు నేను ఏడవలేదు. ఏడిస్తే పని ఆగుతుంది. కవర్లలో మట్టి నింపుతూ కూర్చునేదాన్ని.

అయితే ఆయన చీరముక్క తీసి, రోజూ కంప్యూటరు ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయన వేళ్ళు ఏదీ మర్చిపోలేదు. మీటలు కొట్టేవారు, మోడెమ్ టిక్కుమనేది, తెర మీద లైను లేదని పడేది. ఎలా ఉంటుంది? మా ఊళ్ళో పాత ఫోను తీగలు ఎప్పుడో చచ్చిపోయాయి. కొత్తగా వచ్చిన సన్న ఇంటర్నెట్ తీగతో ఈ పెట్టెలకి సంబంధం లేదు. ఆయన లేచి, మడుల మధ్య తిరుగుతూ కనబడిన కూలీనల్లా లైనెవరు తీశారని అడిగేవారు. ఒకరోజు స్తంభం వెతుక్కుంటూ హైవే మీదికి వెళ్ళిపోయారు. లారీలు కొట్టే హారన్ల మధ్యలో నిలబడి పైకి చూస్తున్నారు. మా మేస్త్రి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

మా అమ్మాయి ఒక పాత మొబైలు చేతికిచ్చి చూసింది. ఆయన దాన్ని తిప్పి చూసి, దీనికి తీగేదమ్మా అని తిరిగిచ్చేశారు.

అప్పుడు కబురంపాను, టెలిఫోన్ల వాళ్ళ దగ్గర లైన్‌మన్‌గా చేసి రిటైరైన ఒకాయనకి. మన ఊరు దాటి వెళ్ళక్కర్లేదండి, ఇంట్లో కొడితే షెడ్డులో మోగాలి, అంతే చాలు అన్నాను. "ఆయ్, చూద్దామండి," అని వెళ్ళి, మూసేసిన లాడ్జిలోంచి తీసిన చిన్న పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. గదికీ గదికీ మాట్లాడుకునే ఫోన్ల పెట్టె. ఇంటికీ షెడ్డుకీ మధ్య పాత తీగ ఇంకా ఉంది. దానికి తగిలించాడు. లైను చప్పుడు వచ్చింది.

వచ్చింది కానీ నిలబడలేదు. కలుస్తుంది, గబుక్కున తెగుతుంది. ఒకసారి చెత్త అక్షరాలు పడతాయి, ఒకసారి ఏమీ పడవు. లైన్‌మన్ పెట్టె మార్చి చూశాడు, మోడెమ్‌లు అటుదిటు ఇటుదటు మార్చి చూశాడు. పెట్టెలో తప్పు లేదన్నాడు. కొత్త తీగ లాగుదామన్నాడు. ఉన్న తీగకి ఏమైందో చూడకుండా కొత్తది ఎందుకన్నాను. నేనే తీగ చేత్తో పట్టుకుని ఇంటి దగ్గర్నుంచి షెడ్డు దాకా నడిచాను. నీడవల కట్టిన రాటల వెంబడి వెళ్ళింది ఆ తీగ. గులాబీల మడి దగ్గర కూలీలు తమ క్యారేజీలు దానికే తగిలించుకుంటున్నారు. పొద్దున తగిలించినప్పుడు ఒక లాగుడు, మధ్యాహ్నం తీసినప్పుడు ఒక లాగుడు. అక్కడి అతుకు వదులైపోయింది. క్యారేజీలకి వేరే మేకులు కొట్టించాను, లైన్‌మన్ అతుకు మళ్ళీ వేశాడు.

అయినా చెత్త అక్షరాలు పోలేదు. కొన్ని రోజులు చూడగా చూడగా తెలిసింది, నీళ్ళ మోటారు ఆన్ చేసినప్పుడే అవి పడుతున్నాయని. తీగ మోటారు స్టార్టరుని రాసుకుంటూ వెళ్ళింది. పక్కకి జరిపించాను. ఆయన కంప్యూటరు ముందు కూర్చునే వేళకి మోటారు కట్టెయ్యమన్నాను కూడా. చివరికి మిగిలింది ఆ గోడ పెట్టె, ఆ పిడి. షెడ్డుకి అన్నానికి రమ్మని ఫోను చెయ్యడానికి కొత్తగా వచ్చిన వంట మనిషి దాన్ని తిప్పేస్తోంది. నేను ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, ఇత్తడి చెంబు తెచ్చి బోర్లించాను. ఆమె దాన్ని చూసి వెనక్కి తగ్గింది. ఇక లైను తెగలేదు.

ఇంట్లో ఆయన కొడితే షెడ్డులో ఎవరో ఒకరు అందుకోవాలి కదా. ఆ ఎవరో నేనే అయ్యాను. నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు బళ్ళో రాలేదు, మొక్కలకి కట్టే ట్యాగుల మీద నేర్చుకున్నాను. షెడ్డులో మనిషి సెలవు పెట్టినప్పుడు ఈ మీటలు కొట్టిన అలవాటూ కొంత ఉంది. మోడెమ్ మోగితే అందుకోడానికి ఏ, టీ, ఏ అని కొట్టాలి. అది నాకు మగ్గుతో నీళ్ళు ముంచినంత సులువు. ఆయన తెలుగు మాటలే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. నేనూ అలాగే, ఒక్క వేలితో.

మొదటి రోజు ఈల వేసి, గరగరలాడి, నోరు మూసుకుంది పెట్టె. ఆకుపచ్చ అక్షరాలు ఒకటొకటే పడ్డాయి. నమస్కారమండి. లోడు ఎప్పుడు పంపమంటారు? నేను పార్టీనైపోయాను. వచ్చే వారం పంపండి అని కొట్టాను. ఏమేం కావాలన్నారు. గన్నేరు, మందార, కొబ్బరి మొక్కలు అన్నాను. మీ ఊళ్ళో ఎండలెలా ఉన్నాయన్నారు. మా ఊరు ఏదో నాకే తెలీదు. బాగా ఉన్నాయండి అన్నాను. ఆ సాయంత్రం ఆయన మడుల్లో తిరగలేదు. అరుగు మీద కూర్చుని, ఎవరితోనో మాట్లాడి వచ్చిన మనిషిలా కాళ్ళు ఊపుకున్నారు.

రోజూ మధ్యాహ్నం కునుకు తీసి లేచాక అదే పని. ఆయన గదిలోంచి రాకముందే నేను చెంబు బోర్లించి, పిడి కంప్యూటరు వైపు తిప్పి, మడుల మధ్య నుంచి షెడ్డుకి వెళ్ళి కూర్చునేదాన్ని. నాలుగు మాటలు లోడు గురించి అయ్యాక ఆయన ఇంటి సంగతుల్లోకి వచ్చేవారు. ఇన్నేళ్ళ కాపురంలో నాతో అన్నం పెట్టు, తాళాలేవి, అమ్మాయి ఫీజు కట్టావా తప్ప మాట్లాడని మనిషి, ముక్కూ మొహం తెలియని పార్టీకి అన్నీ చెప్పుకునేవారు.

ఇక్కడ ఒక పెద్దావిడ అన్నం పెడుతున్నారండి. ఎవరో తెలీదు. గట్టి మనిషి. మజ్జిగలో నీళ్ళు బాగా పోస్తారు, అచ్చం మా ఆవిడలాగే.

అది చదివి మర్నాడు మజ్జిగ చిక్కగా చిలికి, మీగడతో పోశాను. ఆ మధ్యాహ్నం తెర మీద పడింది: ఆవిడ మారారండి. ఈ పూట మజ్జిగ పెరుగులా ఉంది. మా ఆవిడైతే ఇలా పొయ్యదు.

ఆ తర్వాతి రోజు నుంచి మళ్ళీ నీళ్ళ మజ్జిగే పోశాను.

ఇంకో రోజు అడిగారు, మీ లారీ తుని మీదుగానే కదండీ వెళ్ళేది అని. అవునన్నాను. అయితే మార్కెట్టు దగ్గర మా అత్తారింటి ముందు ఆపి, మా ఆవిడని అడగండి ఎప్పుడొస్తుందో. కోపమొచ్చి వెళ్ళిందేమో. నేనేమీ అనలేదండి. అన్నానేమో, గుర్తులేదు. అన్నా సరే, రమ్మన్నానని చెప్పండి.

చెప్తాను అని కొట్టాను. రోజూ అడిగేవారు, చెప్పారా అని. రోజూ చెప్పాననేదాన్ని. ఏమందన్నారు. వస్తానంది అన్నాను. ఎప్పుడన్నారు. నేను లోడు మాట ఎత్తాను.

ఆయన తిండి తగ్గించేశారు. కంచం ముందు పెడితే, ఉండనివ్వండి, మా ఆవిడ వచ్చాక తింటానని జరిపేసేవారు. చొక్కాలో మనిషి కనిపించడం మానేశాడు. డాక్టరుగారు తినిపించమంటారు. నేను తినిపిస్తే ఆయన తినరు, ఎందుకంటే నేను నేను కాదు. ఆలోచించాను. నా నోటితో చెప్పిన మాట ఆయనకి గాలి. లైను మీద వచ్చిన మాట మాత్రం నమ్ముతారు. ఇన్నాళ్ళూ వస్తుంది వస్తుందని చెప్పిన ఆ లైను మీదే, ఆవిడ ఇక్కడే ఉందండి అని చెప్పాలి. పార్టీ చెబితే, తలెత్తి నన్ను ఒకసారి చూస్తారేమో. అన్నం పెట్టే ఆవిడ మొహంలో ఆవిడ కనబడుతుందేమో.

ఏం కొట్టాలో కవర్లు నింపుతూ మనసులో వల్లించుకున్నాను. మీ ఆవిడ వచ్చేసింది. మీ ఇంట్లోనే ఉంది. అన్నం పెట్టేది ఆవిడే. మూడు ముక్కలు, ఏ ముక్కా తగ్గకూడదు.

చెప్పాలనుకున్న రోజు పొద్దునే ఆడపడుచు దిగింది. ఆయన తన చెల్లెల్ని గుర్తుపట్టారు. చిన్నప్పటి ముద్దు పేరుతో పిలిచారు. ఆమె నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. నేను కాజాలు డబ్బాలో సర్దడానికి వంటింట్లోకి వెళ్ళాను. ఆమెకి మందుల వేళలు చెప్పాను, గేటు గొళ్ళెం సంగతి చెప్పాను, ఎదురు చెప్పొద్దన్న మాట చెప్పాను. చెంబు సంగతి చెప్పలేదు. మా ఇంట్లో ఆ చెంబు గోడలాంటిది. గోడ గురించి చుట్టాలకి ఎవరు చెప్తారు?

ఆమె పడుకుంది కదా అని చెంబు బోర్లించి షెడ్డుకి వెళ్ళాను. మోడెమ్ మోగింది. అందుకున్నాను. ఆయన ఆ రోజు లోడు గురించి అడగలేదు.

మా ఆవిడ కనబడిందాండి?

నేను మొదలుపెట్టాను. ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాను. మీ ఆవిడ వచ్చేసింది.

తర్వాత అక్షరాలు గబగబా పడ్డాయి, ఎప్పుడూ అంత వేగంగా కొట్టలేదు ఆయన. నిజమాండి? వచ్చేసిందాండి?

మీ అని కొట్టాను. ఇంట్లోనే అనడానికి మీట కోసం చూస్తున్నాను. పెట్టె టక్కుమంది. తెర మీద పిచ్చి గీతలు పడి, ఆగిపోయి, లైను పోయిందన్న ముక్క వచ్చింది. ఆ వెంటనే నా మోచేతి పక్కన ఫోను మోగింది. ఎత్తాను.

"వదినా, కాఫీ పొడి ఏ డబ్బాలో పెట్టావే?"

ఫోను పెట్టేసి ఇంటికి వచ్చాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య జరిగింది ముందే చెప్పాను.

ఆయన తెల్లచొక్కా చేత్తో పట్టుకుని గదిలోంచి వచ్చారు. మొహం అంతా వెలుగు. చెల్లెలితో అన్నారు, పార్టీ చెప్పారు, మీ వదిన వచ్చేసిందట, స్టేషన్లో దిగి ఉంటుంది, రాత్రికి చుట్టాలింట్లో ఆగి పొద్దున వస్తుందేమో అని. అప్పుడు అర్థమైంది ఆమెకి, షెడ్డులో ఆ పార్టీ నేనేనని, తను తిప్పిన పిడి ఏమిటో. నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను.

పాపం, ఆమె ప్రయత్నం ఆమె చేసింది. "అన్నయ్యా, వదిన ఎక్కడికీ వెళ్ళలేదు. ఈవిడే వదిన," అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆయన నవ్వారు.

"నువ్వు చిన్నప్పట్నుంచీ అంతే. ఊరికే మనుషుల్ని ఏడిపిస్తావు. పెద్దావిడ, ఏమనుకుంటారు?"

నేను మళ్ళీ షెడ్డుకి వెళ్తాను, ఆయన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టమని ఆడపడుచుకి చెప్పాను. ఆమె బతిమాలింది. ఆయన కూర్చోలేదు. విషయం వచ్చేసింది కదా, ఇంకా లైను పట్టుకుని ఉండకూడదు, మా ఆవిడ తిడుతుంది అన్నారు. గోడ దగ్గరికి వెళ్ళి, చెంబులో ఆమె పోసిన నీళ్ళు గుమ్మం పక్కనున్న క్రోటన్ కుండీలో పోసి, కండువాతో లోపలా బయటా తుడిచి, పెట్టె మీద నిలబెట్టారు. లైను ఖాళీ అన్నట్టు. కంప్యూటరు ఆపేసి చీరముక్క కప్పారు. రాత్రి అడిగి మరీ అన్నం పెట్టించుకున్నారు. ఆయన కడుపు నిండా తినడం చూసి ఎన్నాళ్ళయిందో. నీళ్ళ మజ్జిగ పోసుకుని, చివరి చుక్క దాకా తాగారు.

తెల్లవారి ఆయన స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, అరుగు మీద గేటు కనబడేలా కూర్చున్నారు. నేను కాఫీ తీసుకెళ్ళాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి, లేచి నిలబడ్డారు.

"మా ఆవిడ వచ్చేస్తోందండి. ఇన్నాళ్ళూ మీకు చాలా శ్రమ ఇచ్చాం. మీ వాళ్ళు ఎదురు చూస్తుంటారు, ఇక మీరు వెళ్ళిరండి."

ఎదురు చెప్పకూడదు కదా. అలాగేనండి అన్నాను.

"ఒక్క నిమిషం. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తారు?" అని మెట్టు దిగారు. మెట్టుకి ఒక పక్క మొగ్గలతో మల్లె మొక్కలున్నాయి. వంగి ఒకటి పట్టుకున్నారు. పట్టుకుని కాసేపు అలాగే ఉన్నారు. తర్వాత వదిలేసి, ఇవతలి వరసలోంచి గిడసబారిన మొక్క ఒకటి తీశారు. దాని కవరు అడుగున మట్టి దులిపి నా చేతిలో పెట్టారు.

"మంచిదే ఇద్దునండి. మా ఆవిడ ఊరుకోదు. ఇదీ బతుకుద్ది, కాస్త జాగ్రత్తగా నీళ్ళు పొయ్యండి."

మొక్క తీసుకుని గేటు దాటాను. వెనక వంటింటి కిటికీలో ఆడపడుచు ఏడుస్తోంది. రోడ్డు వెంబడి నడిచి షెడ్డుకి వెళ్ళి, మొక్క బల్ల మీద పెట్టి, దాని పక్కన కూర్చున్నాను. కూలీలు ఒక్కొక్కరే వచ్చి క్యారేజీలు మేకులకి తగిలించుకున్నారు. మేస్త్రి వచ్చి ఆ రోజు పనేమిటని అడిగాడు. చెప్పాను. ఆయన టిఫిను వేళ దాటిపోతోందని గుర్తొచ్చింది. లేచి, మడుల మధ్య నుంచి పెరటి తలుపు గుండా ఇంట్లోకి వెళ్ళి, ఇడ్లీ వేసి, పళ్ళెంలో పెట్టుకుని అరుగు మీదికి వెళ్ళాను.

ఆయన గేటు మీది నుంచి చూపు తిప్పారు.

"మీరింకా వెళ్ళలేదాండి?"

"బండి తప్పిపోయిందండి."

"పర్లేదు. మా ఆవిడ బండి కూడా ఇంకా రాలేదు. కూర్చోండి," అని అరుగు మీద పక్కకి జరిగారు.

కూర్చున్నాను.